ఆఖరి బండి

వెంకటసాయికృష్ణ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు అనకాపల్లిలో లేరు. ఉయ్యాల్లో కూడా వాడు పడుకోలేదు, ఉయ్యాలే అలిసిపోయి ఆగేదంటుంది వాళ్ళ మామ్మ నూకరత్నం. బెల్లం కొట్టులో గద్దె మీద కూర్చోబెడితే కుడికాలు ఊపుతూనే ఉంటాడు. ఆ ఊపుడికి పక్కనున్న కాటా పళ్ళెం కూడా వణుకుతుంది. "నీ కాలు ఆగేదాకా నా తూకం తేలదు, లేచెల్లరా బాబూ," అని తండ్రి కసురుకుంటే, ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచి వెళ్ళిపోతాడు. ఇరవయ్యేడేళ్ళొచ్చినా అదే వరస. పెద్ద మోటారుసైకిలు కొన్నాక ఆ వెళ్ళడం కాస్తా కొండలదాకా సాగింది.

ఆ బండి సంగతి చెప్పాలి. అది తారురోడ్డు కోసం పుట్టింది కాదు. ఎత్తుగా, పొడుగు కాళ్ళతో, మూతి ముందుకు పెట్టుకుని మేకపోతులా ఉంటుంది. కింద పడితే ఎత్తడానికి ఇద్దరు కావాలి. రాళ్ళూ గోతులూ గెడ్డలనే కొండవాగులూ ఉన్నచోటే దానికి హుషారు. కొండెక్కేటప్పుడు సీటు మీద కూర్చోకూడదు. పాదాల కింది కడ్డీల మీద నిలబడి, మోకాళ్ళు వదులుగా వంచి, కింద బండి ఎంత ఎగిరినా పైన మనిషి తొణక్కుండా పోవాలి. నిలబడి నడిపే బండి! మన సాయికి అంతకంటే ఏం కావాలి? మొదట్లో ఒంటరిగానే పోయేవాడు. ఏడాది కిందట ఒకసారి ఎక్కడో రాళ్ళలో పడి, భుజం విరిగి, ఒక పూటంతా ఎవరికంటా పడకుండా అలాగే ఉండిపోయాడు. కట్టెల కోసం వచ్చినవాళ్ళు చూసి కిందికి దింపారు. చెయ్యి మెడలో వేలాడేసుకుని ఇంటికొచ్చి, "వీధి మొగలో జారేను," అన్నాడు. ఆ అబద్ధాన్ని ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

భుజం అతుక్కునే సరికి అతని వెనక ఇంకో బండి తయారైంది. అది బావ సన్యాసిరావుది. సన్యాసిరావు అంటే సాయి అక్క సుమశ్రీ మొగుడు. కోటవురట్లలో చెరుకూ వరీ పండించే రైతు, నలభైకి దగ్గర పడ్డవాడు. ఏ పనీ తొందరపడి చేసి ఎరగడు. అడిగినదానికి జవాబు చెప్పే ముందు కూడా కాసేపు బెల్లం కొట్టిన రాయిలా ఉండి, అప్పుడు నోరు విప్పుతాడు. అలాంటివాడు ఉన్నట్టుండి వెళ్ళి ఒక పాత పెద్దబండి కొనుక్కొచ్చి, "నానూ వత్తానురా కొండల్లోకి," అన్నాడు. సాయికి నవ్వాగలేదు. ఎందుకు బావా అంటే, "ఊరికే. గాలి మారుద్దని," అన్నాడు.

ఇద్దరూ కలిసి కొండకి పోయేటప్పుడు ఒక కట్టుబాటు ఉంది. విశాఖపట్నం కుర్రాళ్ళ దగ్గర సాయే నేర్చుకుని, సాయే బావకి నేర్పాడు. దారి చీలిన ప్రతిచోటా ముందువాడు ఆగాలి. వెనకవాడు వచ్చి, ముందువాణ్ణి చూసి, చెయ్యెత్తాకే కదలాలి. చీలిక దగ్గర ముందువాడు కనబడకపోతే వెనకవాడు అక్కడే ఆగిపోవాలి తప్ప సొంత తెలివితో ఏ దారీ పట్టకూడదు. అంతే. సన్యాసిరావు ఆ కట్టుబాటుని ఏకాదశి ఉపవాసంలా పాటించేవాడు. సాయి మాత్రం ఆగిన ప్రతిచోటా కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ తిరిగి, బావ కనబడగానే, "నత్తకి నువ్వు మావయ్యవేటి బావా?" అని ఎత్తిపొడిచి, ఆయన చెయ్యెత్తీ ఎత్తకముందే మాయమయ్యేవాడు.

నాతవరం అవతల, జీడితోటల వెనకున్న కొండల్లో గాలిమెట్ట అని ఒక చదును ఉంది. పొద్దెక్కకముందు అక్కడికి చేరితే మంచు మన కాళ్ళ కింద ఉంటుందని, నిండు పాలకుండలో కొండ కొసలు తేలుతున్నట్టు కనబడతాయని సాయి విన్నాడు. మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ బావ నిదానం వల్ల ఎండొచ్చాకే చేరారు. ఎండలో చూస్తే అది మామూలు కొండే. ఆ మంచు చూడకపోతే తన బతుకులో ఏదో పోతున్నట్టు సాయికి ఒకటే కొట్టుకులాట. అందుకని ఎవరికీ చెప్పకుండా మొన్నొక రోజు ఒంటరిగా వెళ్ళి, అవతలి పక్కనుంచి ఒక అడ్డదారి కనిపెట్టుకుని వచ్చాడు. ఏటవాలుగా, రాళ్ళమయంగా ఉంది కానీ దగ్గర. ఈ కార్తీకంలో ఎలాగైనా చూసి తీరాలనుకున్నాడు.

ఆ ఆదివారం తెల్లారగట్ల సాయి బండి తీస్తుంటే నూకరత్నం ఒక చెరుగ్గడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఆకులతో సహా ఉన్న నిలువెత్తు గడ. దాన్ని బండికి ఒక పక్కగా నిలువునా పెట్టి, తాడుతో బిగించి కట్టింది.

"కొత్త సెరుకురా. కొండమీద అమ్మోరికి సూపించి, ఇరిసి నువ్వూ మీ బావా తినండి. నువ్వొక్కడివే తినీకు."

"దీన్నేసుకుని ఎలా తోల్తాను మామ్మా?"

"మీ తాత బెల్లం బళ్ళు తోలుకొచ్చినప్పుడు ఎన్ని గడలు కట్టీవోరనుకున్నావు?"

ఇంక మొదలు. ఆ బళ్ళ కథ ఇంట్లో అందరికీ కంఠోపాఠం. చెరుకు ఆడే రోజుల్లో ఊళ్ళనుంచి బెల్లం బళ్ళు బారుగా, రాత్రంతా నడిచి అనకాపల్లి చేరేవట. ముందు బండివాడు దారి చీలినచోట చెరుకు కొస విరిచి నేలమీద పెట్టి, మీద రాయి పెట్టేవాడట. ఆకుల మొనలు ఎటుంటే బళ్ళు అటెళ్ళినట్టు. ఆఖరి బండివాడు దిగి, ఆ కొస తీసి తన ఎడ్లకి వేసేవాడట. "ఒక్క బండి దారి తప్పలేదు," అని ముగిస్తుంది నూకరత్నం. ఈ కథని సాయి ఏనాడూ చివరిదాకా నిలబడి వినలేదు. సన్యాసిరావు మాత్రం అత్తారింటికి వచ్చినప్పుడల్లా అడిగి మరీ చెప్పించుకునేవాడు.

కోటవురట్ల చేరేసరికి బావ సిద్ధంగానే ఉన్నాడు. బండికి రెండు పక్కలా ఉన్న రేకు డబ్బాల్లో ఏవేవో సర్దుతున్నాడు.

"ఏటి బావా, కొండకెల్తన్నామా, కిరాణా కొట్టు ఎట్టడానికెల్తన్నామా?"

సన్యాసిరావు మూత వేసి, గొళ్ళెం పెట్టి, అది పడిందో లేదో లాగి చూసి, అప్పుడన్నాడు. "ఉండనీరా. ఎప్పుడేటి అవసరమొత్తాదో."

సుమశ్రీ ఇడ్లీల మూట తమ్ముడికి ఇస్తూ, "ఒరే, మీ బావని వదిలేసి ముందుకెల్లిపోకు," అంది.

"వదల్నక్కా."

"నేనడిగేది నీ మాట కాదు." ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన తలూపాడు.

నాతవరంలో టీ తాగుతుంటే ఆవిడ ఫోను. ప్రతి ప్రయాణంలోనూ అదే చోట, అదే ప్రశ్న. "మీ బావ నీ ఎనకాలే ఉన్నాడా?"

సాయికి ఒళ్ళు మండింది. "నా ఎనకాల కాక ఎక్కడుంటాడక్కా? ముందుండడం ఆయన వల్లవుద్దేటి?"

అక్కకి మొగుడంటే పిచ్చి, ఎక్కడ జారిపడతాడో అని బెంగ, అని సాయి లెక్క. అంత బెంగ ఉన్న మనిషి ఆయన్ని కొండలకి ఎందుకు పంపుతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించాలంటే కాసేపు కూర్చోవాలి కదా మరి.

కొండ మొదట్లో సన్యాసిరావు బండి ఆపి, టైర్లలో గాలి కొంచెం తగ్గించడానికి కూర్చున్నాడు. మెత్తని టైరయితే రాళ్ళని పట్టుకుంటుంది. ఆ పని కూడా ఆయన పెళ్ళికూతురికి పారాణి పెట్టినంత నెమ్మదిగా చేస్తాడు. సాయి తూర్పు వైపు చూశాడు. ఆకాశం ఎర్రబడుతోంది. మంచు జీడిచెట్ల మీంచి లేచి, కొండ మధ్యదాకా వచ్చి ఆగి ఉంది.

"నువ్వు కానియ్యి బావా. నేను ముందెల్లి సీలిక కాడ ఆగుతాను."

"ఆగుతావు కదా?"

"ఆగుతానంటన్నాను కదేటి."

ఎర్రమట్టి దారి వానలకి గాళ్ళు పడి ఉంది. సాయి నిలబడ్డాడు. ముందు చక్రం రాయెక్కి దిగినప్పుడల్లా చేతుల్లోంచి భుజాల్లోకి ఒక జిల్లు. గేరు మారుస్తుంటే, గులకరాళ్ళు వెనక్కి చిమ్ముతుంటే, అతని ఒంట్లో ఏడాది పొడుగునా గిలగిల్లాడే ఏదో ఒకటి ఆ కాసేపే చల్లబడుతుంది. మిగతా కాలమంతా అతనికి చొక్కా బిగుతైనట్టు ఉంటుంది. ఇక్కడే వదులు.

చీలిక వచ్చింది. కుడివైపుది గాలిమెట్టకి. ఎడమవైపుది ఎప్పుడో రాళ్ళ లారీల కోసం వేసిన దారి. చూడ్డానికి అదే వెడల్పుగా, బాగా కనబడుతుంది. కానీ పోయిన వానల్లో గెడ్డ పొంగి, ఒక మలుపు అవతల సగం దారిని కోసుకుపోయింది. మొన్న ఒంటరిగా వచ్చినప్పుడు సాయి చూశాడు. బావకి తెలీదు. బావకి ఈ దారే కొత్త.

సాయి ఇంజను ఆపి చెవి ఒగ్గాడు. ఎక్కడో కింద, చాలా కింద, బావ బండి చప్పుడు. మొదటి గేరు దాటని చప్పుడు. పైకి చూస్తే మంచు పల్చబడుతోంది. బండి దిగాడు. ఎక్కాడు. మళ్ళీ దిగాడు. కాలు ఊగడం మొదలుపెట్టింది. ఇంకోసారి చూశాడు, చెట్ల కొసల మీద ఎండ పడింది. ఇంకొంచెం ఆగితే మళ్ళీ మామూలు కొండే. మళ్ళీ అదే ఎండ, అదే తిరుగుముఖం, రేపట్నుంచి అదే గద్దె.

అప్పుడు కంటపడింది చెరుగ్గడ. అబ్బ, ఇంతసేపూ తట్టలేదే అనుకున్నాడు. కొస విరిచాడు. చీలిక దగ్గర నేలమీద ఆకుల మొనలు కుడివైపు ఉండేట్టు పెట్టి, పైన ఒక రాయి పెట్టాడు. బావకి కథ తెలుసు. చూడగానే అర్థం చేసుకుంటాడు. మాట తప్పినట్టూ కాదు, మంచు పోయినట్టూ కాదు. తన తెలివికి తనే మురిసిపోతూ బండి ఎక్కి కుడివైపుకి దూకించాడు.

గాలిమెట్ట మీద సాయి కోరుకున్నదంతా ఉంది. కాళ్ళ కింద తెల్లగా, ఒత్తుగా, కదలకుండా మంచు. అందులోంచి నల్లగా కొండ కొసలు. అతను గట్టిగా ఒక కేక పెట్టాడు. ఫొటో తీశాడు. ఇంకోటి తీశాడు. "సూడు బావా," అనబోయి పక్కకి తిరిగాడు. పక్కన చెరుగ్గడ తప్ప ఎవరూ లేరు.

కాసేపటికి చెరుకు విరుద్దామని పట్టుకున్నాడు. నువ్వొక్కడివే తినీకు అన్న మామ్మ మాట గుర్తొచ్చి వదిలేశాడు. చెవి ఒగ్గాడు. గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. నిదానం కదా, వస్తాడులే అనుకున్నాడు. మంచు కరగడం మొదలైంది. బండి చప్పుడు మాత్రం దగ్గరవ్వలేదు సరికదా, అసలు ఎక్కడా లేదు.  అంతకాలం ఎదురుచూసిన మంచు కళ్ళముందే విడిపోతుంటే చూడకుండా బండి వెనక్కి తిప్పాడు.

ఎక్కడం ఒక ఎత్తయితే దిగడం ఇంకో ఎత్తు. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బండి బోర్లా పడుతుంది, వదిలేస్తే పారిపోతుంది. సాయి తొందరలో ఒకచోట జారి, మోకాలు కొట్టుకుని, బండిని ఎలాగో నిలబెట్టుకున్నాడు. చీలిక దగ్గరికి వచ్చి ఆగాడు.

తను పెట్టిన రాయి దొర్లి ఉంది. చుట్టూ పశువుల గిట్టల గుర్తులు. కాస్త అవతల పొదల్లో ఎవరివో నాలుగైదు ఆవులు మేస్తున్నాయి. చెరుకు కొస రాయి దగ్గర లేదు. ఎడమ దారి మొదట్లో ఉంది. గట్టి భాగమంతా నమిలేసి ఉంది. మిగిలిన ఆకుల మొనలు సూటిగా ఎడమవైపు చూస్తున్నాయి. వాటి పక్కనుంచే, తడిమట్టిలో అచ్చు గుద్దినట్టు, బావ బండి టైరు జాడ.

సాయి పై ప్రాణాలు పైనే పోయాయి. మామ్మ కథలో బళ్ళు రాత్రి నడిచేవి. రాత్రిపూట పశువులు సాలలో కట్టేసి ఉంటాయి. ఒక బండి వెనక ఒకటి ఆనుకుని వచ్చేవి. పట్టపగలు, పశువులు తిరిగే కొండమీద చెరుకు కొస పెట్టిపోవడమంటే వాటికి విస్తరి వేసినట్టే. రైతింట్లో పుట్టినవాడెవడూ చెయ్యని పని. బెల్లం కొట్టులో పుట్టినవాడు, కథ సగమే విన్నవాడు చేశాడు. ఆ ఆవుల్లో ఒకటి కొసని ఈడ్చుకుని నములుతూ, బావ బండి చప్పుడుకి బెదిరి అక్కడ వదిలేసి ఉంటుంది. ఏ గుర్తూ లేకపోతే బావ చీలిక దగ్గర ఆగిపోయేవాడు. సాయంత్రమైనా అక్కడే ఆగేవాడు. ఆ గుర్తుని నమ్మి వెళ్ళాడు.

ఎడమ దారి పట్టాడు. మలుపు రాకముందే కేక వినబడింది.

"సాయీ... ఒరే సాయీ..."

బొంగురుపోయిన గొంతు. ఎంతసేపటినుంచి అరుస్తున్నాడో, అరుపు అరుపుకీ మధ్య రొప్పు వినబడుతోంది. సాయి బండి అక్కడే ఆపేసి పరిగెత్తాడు.

దారి తెగినచోట అంచు మీద బావ బండి పడి ఉంది. ముందు చక్రం గాల్లో ఉంది. దాని కింద సన్యాసిరావు ఎడమకాలు. ఆయన బోర్లా తిరిగి, తల అంచు అవతలికి పెట్టి, కింద గెడ్డలోకి చూస్తూ అరుస్తున్నాడు. సాయం కోసం కాదు. కిందికి చూసి, ఆ రాళ్ళలోకి, ఆ నీళ్ళలోకి, సాయి పేరు పెట్టి పిలుస్తున్నాడు.

"బావా, నేనిక్కడున్నాను."

సన్యాసిరావు తల తిప్పాడు. మొహమంతా ఎర్రమట్టి, అందులో కన్నీళ్ళ చారలు. సాయిని పైనుంచి కిందిదాకా చూశాడు.  

"ఉన్నావేటిరా," అన్నాడు. "నువ్వు పడిపోయేవనుకున్నాను. ఆకు ఇటే సూపించింది. వచ్చి సూత్తే దారి లేదు. గెడ్డలోకెల్లిపోయేవనుకున్నాను. కిందకి సూడబోతే బండి ఒరిగిపోయింది."

సాయికి ఇంకేమీ వినబడలేదు. బండి హ్యాండిలు పట్టుకుని ఒక్క ఊపున లేపబోయాడు. బండి లేవలేదు. గులకరాళ్ళ మీద జానెడు జారింది, అంచు వైపుకి. సన్యాసిరావు పళ్ళు బిగించాడు.

"ఆగు."

"ఒక్కసారి గట్టిగా లాగుతాను బావా..."

"ఆగరా. నా మాటిను. ఇది జారితే నా కాలుతో పోదు, నన్నూ తీసుకెల్లిపోద్ది, పట్టుకున్న నిన్నూ తీసుకెల్లిపోద్ది. పక్క డబ్బాలో తాడుంది. ముందు దాన్ని సెట్టుకి కట్టు. తర్వాత బరువు తీసెయ్యి. తర్వాత లేపు. ఒకటయ్యాకే ఇంకోటి."

పుట్టి బుద్ధెరిగాక సాయి మొదటిసారి ఒక మాట చివరిదాకా విన్నాడు. ఊపిరి పీల్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఎన్నోసార్లు వెక్కిరించిన ఆ కిరాణా కొట్టు డబ్బా తెరిచాడు.

తాడు అడుగున ఉంది. దానిమీద ఉన్నవి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. దూదీ గుడ్డపట్టీలూ. చెయ్యి విరిగితే కట్టే బద్దలు. ఒక క్లచ్ కేబులు, ఒక బ్రేకు లీవరు. ఆ లీవరు చేతిలో పట్టుకుని చూశాడు. బావ బండికి అది పట్టదు. తన బండిది. రెండో డబ్బా తీశాడు. తన టైరు సైజు ట్యూబు. తను పడినప్పుడల్లా విరిగే పక్క అద్దం, కొత్తది, పాత లుంగీలో చుట్టి ఉంది. గ్లూకోజు పొట్లాలు. వెతికి వెతికి చూశాడు కానీ బావ బండికి పనికొచ్చే వస్తువు ఆ రెండు డబ్బాల్లోనూ ఒక్కటి కూడా లేదు.

"ఇవన్నీ నా బండివే కదా బావా?"

"తాడు కట్టరా ముందు."

కట్టాడు. పైనున్న మద్దిచెట్టు మొదలుకి రెండు మెలికలు వేసి, ముడి పడిందో లేదో బావలాగే లాగి చూశాడు. డబ్బాలు రెండూ ఊడదీశాడు. అప్పుడు కూడా బండిని లేపలేదు. బావ కాలి కింద ఉన్న గులకరాళ్ళని వేళ్ళతో, దోసిళ్ళతో తోడాడు. గోళ్ళు చిట్లాయి. తన కాలు ఒకసారి కూడా ఊగలేదు. కింద చోటయ్యాక, బండికి వీపు ఆనించి, గొంతుకూర్చుని, మడమలతో నేలని తన్నిపెట్టి, నెమ్మదిగా, వెంట్రుకంత వెంట్రుకంత లేచాడు. సన్యాసిరావు చేతుల మీద వెనక్కి పాకి కాలు లాక్కున్నాడు. చీలమండ పక్కకి తిరిగిపోయి ఉంది.

బద్దలు కట్టాడు. తన కోసం తెచ్చిన బద్దలే. కట్టడం అయ్యాక ఇంక చెయ్యడానికి చేతులకి పనిలేక, అక్కడే మట్టిలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

"ఏడవకురా. కాలే కదా."

"నువ్వెందుకు కొన్నావు బావా ఈ బండి?"

సన్యాసిరావు కాలికి కట్టిన బద్దలు తడిమి చూసుకున్నాడు. "నిరుడు నువ్వు పూటంతా రాళ్ళల్లో పడున్నావు కదా. ఆ తర్వాత మీ అక్కకి నిద్దర్లేదురా. ఆడు ఆగడు, ఆణ్ని ఎవులూ ఆపలేరు, ఎనకాల ఒక మనిషుంటే సాలు, పడితే సూసీవోడుంటే సాలు అంది. మీ నాన్న ఈ బండెక్కలేడు. ఇంకెవులున్నారు?"

"నీకిష్టమనుకున్నాను."

"ఇష్టమా?" సన్యాసిరావుకి ఆ నొప్పిలోనూ నవ్వొచ్చింది. "బయ్యంరా నాకిదంటే. ఎక్కిన పెతీసారీ నూకాలమ్మకి మొక్కుకునే ఎక్కుతాను. దిగేక గానీ నా పేణం నాకు రాదు. నువ్వేమో ఎనక్కి తిరిగి నవ్వేవోడివి. నవ్వితే బాగుండేది. ముందున్నావని తెలిసేది."

సాయి తలెత్తలేకపోయాడు. ఏడాదిపాటు ప్రతి చీలిక దగ్గరా తను విసుక్కున్న ఆ నిదానం భయపడే మనిషి నిదానం. భయపడుతూనే, ఒక్కసారి కూడా మానకుండా తన వెనక వచ్చిన మనిషి నిదానం. అది తెలిశాక అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

బావ బండిని చెట్టుకే కట్టి వదిలేశారు. సాయి తన బండి మీద బావని వెనక ఎక్కించుకుని, ఆయన రెండు చేతులూ తన నడుం చుట్టూ వేయించి, తువ్వాలుతో ఇద్దరికీ కలిపి ఒక చుట్టు చుట్టాడు. దిగుడులో బావ బరువంతా అతని వీపు మీద పడింది. ప్రతి రాయి దగ్గరా ఆగాడు. ప్రతి గాడినీ చూసి, ఎటునుంచి దింపితే కాలికి తక్కువ కుదుపో ఆలోచించి దింపాడు. వెనకనుంచి బావ మూలిగినప్పుడల్లా ఇంకా నెమ్మదించాడు. ఇంతకంటే నెమ్మదిగా ఆ బండిని నడపడం సాధ్యమని అతనికి అంతకుముందు తెలీదు.

చీలిక దగ్గర బండి ఆపాడు.

"ఏటైందిరా?"

"ఏటీ లేదు బావా. ఒక్క నిమషం."

బండి మీంచే వంగి, నేలమీద ఆకులతో మిగిలిన చెరుకు కొస అందుకున్నాడు. పొదల పక్కన నిలబడి చూస్తున్న ఆవు వైపు విసిరాడు. అది వచ్చి వాసన చూసి నమలసాగింది. వెనక సన్యాసిరావు సన్నగా నవ్వాడు. ఆఖరి బండివాడు చెయ్యాల్సిన పని అది.

జీడితోటల దగ్గరికి వచ్చేసరికి ఫోనుకి సిగ్నలు తగిలింది. వెంటనే మోగింది. సాయి చెట్టునీడన ఆగి, రెండు పాదాలూ నేలమీద గట్టిగా ఆనించి, బావకీ వినబడేట్టు స్పీకరు పెట్టాడు.

"ఏరా, ఇంతసేపేటి? మీ బావ నీ ఎనకాలే ఉన్నాడా?"

ఆ ప్రశ్న ఎవరి కోసమో సాయికి ఇప్పుడు తెలిసింది. 

"ఉన్నాడక్కా. కాలు ఇరిగింది. నేను ఆగలేదు. వదిలేసి ఎల్లిపోయేను. నా వల్లే ఇరిగింది."

 తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నువ్వో?" అంది సుమశ్రీ. "నీకేటీ అవ్వలేదు కదా?"

సాయి ఫోను బావ నోటి దగ్గరికి జరిపాడు. వెనకనుంచి సన్యాసిరావు అతని భుజం మీద గడ్డం ఆనించి, ఫోనుకి వినబడేలా, ఎప్పటిలాగే నిదానంగా చెప్పాడు.

"బాగున్నాడు. నా ముందే ఉన్నాడు."